తలుపుల్లేని నగరంలో ఒక తలుపు

నీలగ్రీవ పర్వతాల నడుమ, రజతవాహిని నది ఒడ్డున వెలసిన చిత్రకవాటపురాన్ని వర్ణించని కవి లేడు. వర్ణించనివాళ్ళకు ఆస్థానంలో భోజనం లేదు. మబ్బులను ఒరుసుకునే మేడలు, పాలరాతి మెట్ల మీద తీరిగ్గా నడిచే నెమళ్ళు, పున్నాగ పూల వాసనతో బరువెక్కిన గాలి, వీధి చివర్న చిలకలకు సైతం ముత్యాల పంజరాలు. అన్నీ ఉన్న ఆ నగరంలో లేనిది ఒక్కటే, తలుపు. గడపలున్నాయి, ద్వారబంధాలున్నాయి, వాటికి పసుపూ కుంకుమా ఉన్నాయి. మూసుకోవడానికి మాత్రం ఏమీ లేదు.

దీనికి కారణం ప్రజల స్వేచ్ఛే. ఆ రాజ్యంలో రాజును ప్రజలే ఎన్నుకుంటారు. రాజు కాదలచినవాడు పల్లకి ఎక్కి వీధి వీధీ తిరగాలి. అతన్ని ఒప్పుకున్నవాళ్ళు తలుపు తెరిచి ఉంచుతారు, ఒప్పుకోనివాళ్ళు మూసుకుంటారు. ఒక్క తలుపు మూసి ఉన్నా పల్లకి ఆగాలి. ఎక్కినవాడు దిగి, ఆ తలుపు తట్టి, లోపలివాళ్ళు అడిగినదానికి సమాధానం చెప్పుకోవాలి. వాళ్ళు గడియ తీసేదాకా కిరీటం లేదు. పూర్వులు పెట్టిన కట్టుబాటు ఇది.

మొదటి ప్రచండవర్మ ఈ పద్ధతిలోనే గద్దెనెక్కాడు. ఎక్కాక సింహాసనం మెత్తగా ఉందని తెలుసుకున్నాడు. ఆ వెంటనే, ఇళ్ళల్లో గాలి ఆడక ప్రజలు ఉక్కిరిబిక్కిరవుతున్నారని ఆయనకు దుఃఖం ముంచుకొచ్చింది. ఊళ్ళో తలుపులన్నీ ఊడబీకించి, బళ్ళకెత్తించి, నదికవతల కాకోలగిరి గుహలో పోయించాడు. దాంతో ఆయన కొడుకు ఏకగ్రీవంగా ఎన్నికయ్యాడు. మనవడు ఇంకా ఏకగ్రీవంగా ఎన్నికయ్యాడు. ఒకే వంశం మీద ప్రజలకింత మమకారమేమిటని పొరుగు రాజులు కుళ్ళుకున్నారట. కవులే రాశారు.

ఈ ఏర్పాటంతా తరాలు మారినా చావని మాంత్రికుడు కంకాళభట్టు చలవ. రాబందులాంటి మెడ, మోకాళ్ళదాకా గడ్డం, చేతిలో పాము తల దండం. ఆయన పదవి ప్రజాభిప్రాయ మంత్రి. ప్రజల అభిప్రాయం ఏమిటో ఎప్పటికప్పుడు ప్రజలకు తెలియజేస్తూ ఉంటాడు.

ఇప్పుడు మునిమనవడి వంతు వచ్చింది. బాలప్రచండుడు పల్లకి ఎక్కే రోజున, తెల్లవారగానే, కుమ్మరవీధిలో పూటకూళ్ళ ఇల్లు నడిపే మల్లసాని పొయ్యి ముందు కూర్చుని పప్పు ఎనుపుతోంది. ఎనపాల్సినదానికంటే గట్టిగానే ఎనుపుతోంది. పోయిన నెలలో నమూనా ఊరేగింపు జరిగినప్పుడు ఆమె మొగుడు కోనప్ప గడప మీద చేతులు రెండూ చాపి నిలబడి, "మా ఇంటికి తలుపు లేదు కాబట్టి నేనే తలుపుని, మూసే ఉన్నాను" అన్నాడు. అసలు ఊరేగింపు రోజయితే ఒక అర్థముంది. నమూనాకే అంత పౌరుషం చూపించాడు. భటులు అతన్ని కాకోలగిరికి ఈడ్చుకుపోయారు. కంకాళభట్టు మంత్రం వల్ల, సాయంత్రం బాలప్రచండుడి నెత్తిన కిరీటం పడ్డ క్షణాన కోనప్ప నిలువునా రాయవుతాడు. ఆ రాతిని రాజోద్యానంలో నిలబెడతారు. అక్కడ ఇప్పటికే చేతులు చాపిన శిల్పాలూ, నోరు తెరిచిన శిల్పాలూ బారులు తీరి ఉన్నాయి. చూసినవాళ్ళంతా ప్రభువుల కళాభిరుచిని మెచ్చుకుంటారు. మెచ్చుకోకపోతే శిల్పానికి జత దొరుకుతుంది.

వీధిలో దండోరా మోగింది.

"ఇందుమూలంగా తెలియజేసేదేమంటే, ఆచారం ప్రకారం యువరాజులవారు ఈ పగలంతా మారువేషంలో, కూలివాడిగా, ప్రజల మధ్య తిరుగుతారు. ఎర్ర తలపాగా, కుడి చెంప మీద పుట్టుమచ్చ. ఆయనను ఎవరూ గుర్తుపట్టరాదు. గుర్తుపట్టినవారికి కొరడా దెబ్బలు."

ఈ మారువేషం కూడా పూర్వుల కట్టుబాటే. కాబోయే రాజు ఒక పగలు కూలిగా తిరగాలి. తానెవరో చెప్పకూడదు. ఎవరు ఏ పని చెప్పినా కాదనకూడదు. కాదంటే పల్లకి ఎక్కే అర్హత పోతుంది. గుర్తులతో సహా దండోరా వేయించడం మొదలుపెట్టాక, ఏ యువరాజుకూ ఎవరూ ఏ పనీ చెప్పిన పాపాన పోలేదు.

ఎదురింటి నాగమ్మవ్వ తన ద్వారబంధంలోంచి తొంగిచూసింది. "మల్లసానీ, ఎర్ర తలపాగా వస్తోందే. మొహం అటు తిప్పుకో."

మల్లసాని మొహం తిప్పుకోలేదు. పప్పుగుత్తి పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని, గడప దగ్గరికొచ్చింది. వీధి మధ్యలో ఒక కుర్రవాడు నడిచొస్తున్నాడు. గోచీ పట్టుది. భుజాన వేసుకున్న చింకి కండువాకు అత్తరు వాసన. జనం గోడల వైపు తిరిగి, సున్నం పెచ్చులు శ్రద్ధగా పరిశీలిస్తున్నారు.

"ఓరబ్బాయ్," అని పిలిచింది మల్లసాని.

కుర్రవాడు వెనక్కి తిరిగి, తనను కాదేమోనని చుట్టూ చూశాడు.

"నిన్నే. కూలివాడివేనా?"

"అవును... కూలివాడినే. నిరుపేద కూలివాడిని." బట్టీపట్టిన మాట తప్పు లేకుండా అప్పజెప్పాడు.

"ఒక బరువు మొయ్యాలి. వస్తావా?"

అతని మొహంలో రంగులు మారాయి. ఎదురింట్లో నాగమ్మవ్వ చేతిలోని చేట జారిపోయింది. కుర్రవాడు కళ్ళార్పి, "కాదనే వీల్లేదుగా," అన్నాడు దీనంగా.

"మంచివాడివి. పద." మల్లసాని మొగుడి కోసం చద్దిమూటా, గోంగూర ఊరగాయ జాడీ చంకన పెట్టుకుని, అతన్ని ముందు నడిపించింది.

కాకోలగిరి గుహలోంచి తన తలుపు తెచ్చుకోవాలని ఆమె ఎత్తు. తలుపంత చెక్కను ఎవరు మోసినా ఆ నగరంలో చెరసాలే. కానీ ఈ పూట ఈ కూలివాడిని ఆపాలంటే అతన్ని గుర్తుపట్టాలి. గుర్తుపడితే కొరడా దెబ్బలు. వంతెన మీద భటులు ఇద్దరినీ చూసి ఈటెలు అడ్డం పెట్టబోయారు. ఎర్ర తలపాగా కనపడగానే ఈటెలు వాటంతటవే పైకి లేచాయి. నాయకుడు నదిలోకి వంగి చేపలను చూడసాగాడు.

"చూశావా, ఎంత మర్యాదస్థులో," అంది మల్లసాని.

"కూలివాళ్ళకు ఇంత మర్యాద చేస్తారని నాకు తెలీదు."

"అందరికీ చెయ్యరులే. నీ తలపాగా బాగుంది."

కాకోలగిరి కాటుకకొండలా నిలువునా లేచి ఉంది. కొన మీద ఎండిన మోడులు, మోడుల నిండా రాబందులు. గుహ ముఖద్వారం ముందు ఏనుగంత రాతి సింహం పడుకుని ఉంది. దాని కళ్ళల్లో కెంపులు, గోళ్ళ సందున ఎవరివో చెప్పులు. వీళ్ళ అడుగుల చప్పుడు వినగానే కెంపులు నిప్పుల్లా రాజుకున్నాయి. సింహం లేచి ఒళ్ళు విరుచుకుంది.

"పాలన ఎలా ఉంది?" అని అడిగింది.

"దివ్యంగా ఉంది," అంది మల్లసాని ఊపిరి తీసుకోకుండా. తడబడినవాళ్ళను మింగుతుందని ఊరందరికీ తెలుసు. నడక నేర్చిన పిల్లలకు ముందుగా నేర్పే మాట అదే.

సింహం తల కుర్రవాడివైపు తిరిగింది. "పాలన ఎలా ఉంది?"

అతను నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. "ఏమో మరి. నన్నెప్పుడూ ఎవరూ అడగలేదే. అంటే, ఎవరికి ఎలా ఉందని..."

దవడలు బావురుమని తెరుచుకున్నాయి. వేడి ఊపిరికి అతని తలపాగా ఎగిరిపోయింది. మల్లసాని అతన్ని రెక్క పట్టి వెనక్కి లాగి, ఊరగాయ జాడీని మూతతో సహా ఆ నోట్లోకి విసిరింది. జాడీ కోరల మధ్య పగిలింది. అంగట్లో కొన్న కారం కాదది, ఆమె స్వయంగా దంచినది. సింహం ఒక్కసారి గుక్కపట్టి, రెండు కెంపులూ నీళ్ళలో తేలగా, కొండ అదిరేలా తుమ్మింది. ఆ తుమ్ముకు వీళ్ళిద్దరూ గుహలోకి వచ్చి పడ్డారు.

లోపల తలుపులు. కంటికి ఆనినంత మేర తలుపులు. హంసలు చెక్కిన టేకు తలుపులు, ఇత్తడి బొడిపెల తలుపులు, రాగి రేకులు తాపిన గడీ తలుపులు, పూరిళ్ళ తడికెలు. కొండ పగులులోంచి జారిన వెలుగు వాటి మీద పడి బంగారు దుమ్ము లేపుతోంది. గాలి కదిలినప్పుడల్లా అన్నీ కలిసి కిర్రుమంటున్నాయి, మూసుకునే ఇల్లు లేక.

"ఇన్ని తలుపులా," అన్నాడు కుర్రవాడు. "ఇవన్నీ ఎవరివి?"

"ప్రభువులకు కానుకగా ఇచ్చేశాం నాయనా. ఇస్తున్నామని మాకు తర్వాత చెప్పారు."

మల్లసాని తన తలుపును వెంటనే పోల్చుకుంది. పందికొక్కు కింద కొరికితే కోనప్ప ముత్తాత రేకుముక్క కొట్టాడని అత్తగారు చెబుతుండే తలుపు అది. అలాంటి అతుకు రాజ్యంలో మరోటి ఉండదు. ఆ అతుకు పక్కన, గోడకు ఆనుకుని, కోనప్ప ఉన్నాడు. మోకాళ్ళదాకా రాయి.

"వచ్చావా," అన్నాడు. "పొయ్యి మీద పప్పు ఎవరు చూస్తున్నారు?"

"నీ చావుకొచ్చిన పప్పు. చద్ది తిను."

"గోంగూర లేదా?"

"వాకిట్లో సింహానికి పెట్టాను." ఆమె అతని మోకాళ్ళ మీద చెయ్యి వేసి చూసింది. రాయి చల్లగా ఉంది. చెయ్యి వెంటనే తీసేసుకుంది. "ఎంత లాగితే వస్తావు?"

"లాగితే విరుగుతాను. వినవే మల్లీ. కంకాళభట్టు తన శిష్యులతో అంటుంటే విన్నాను. పల్లకి ఎక్కినవాడు నేల మీద అడుగు పెడితే ఈ మంత్రం సడలుతుందట. మూసిన తలుపు ముందు నిలబడి సరైన సమాధానం చెబితే పూర్తిగా విడిపోతుందట. దిగకపోతే నేను తోటలో బొమ్మనే. తలుపు పట్టుకుపో." అప్పుడు కుర్రవాడిని చూశాడు. పుట్టుమచ్చ చూశాడు. "ఈ అబ్బాయి ఎవరే?"

"కూలి. గుర్తుపట్టకు, కొరడా దెబ్బలు పడతాయి."

కోనప్ప గొంతులో అన్నం అడ్డుపడింది. దగ్గుకుంటూనే నవ్వాడు.

కూలివాడు తలుపును వీపుకెత్తుకుంటుండగా పైన రెక్కల చప్పుడు మొదలైంది. పగులులోంచి ఒక పెద్ద రాబందు దిగి, నేల తాకేలోపే గడ్డమూ దండమూ మొలిపించుకుని కంకాళభట్టు అయింది. "ఎవరక్కడ," అని గర్జించిన మాంత్రికుడు, తలుపు ఎత్తుకుని నిలబడ్డ కూలివాడిని చూసి దండం సగంలో ఆపేశాడు. తన శాసనం తన నోటికే అడ్డం పడింది. గుర్తుపట్టడానికి వీల్లేదు.

"ఆ... ఆ అపరిచితుడిని వదిలి, ఆ ఆడదాన్ని పట్టండి," అన్నాడు రాబందులతో.

మల్లసాని అప్పటికే పరుగెత్తుతోంది. గుహ వెనక భాగం నేరుగా నదిలోకి తెరుచుకుని ఉంది. తలుపును నీళ్ళమీదకు తోసి, కూలివాడిని దానిమీదకు తోసి, తనూ దూకింది. రజతవాహిని ఆ చోట నురగలు కక్కుతూ, సుడులు తిరుగుతూ, ఏనుగులను సైతం పుల్లల్లా విసిరేసే ఉధృతిలో ఉంది. రాబందులు బాణాల్లా దిగాయి. ఒకటి ఆమె కొప్పు పీకింది. ఇంకొకటి తలుపు అంచున వాలి రేకుముక్క మీద కాలు జారి నీళ్ళలో పడింది. దాన్ని మొసలి అందుకుంది. మరో మొసలి ఇటు తిరిగింది.

"తెడ్డు వెయ్యి నాయనా."

"తెడ్డు ఏదీ?"

"చేతులున్నాయిగా. ఇన్నాళ్ళూ వాటితో ఏం చేశావు?"

అతను తన చేతులు చూసుకున్నాడు. గబగబా నీళ్ళను వెనక్కి తోయసాగాడు. మొసలి నోరు తలుపు చివర్న టక్కుమని మూసుకునేలోపు ఎదుట నది మాయమైంది. ఉరుముతున్న జలపాతం. తలుపు గాలిలోకి లేచింది. మల్లసాని కళ్ళు మూసుకుని గడియ పట్టుకుంది. కూలివాడు మల్లసానిని పట్టుకున్నాడు. ఇద్దరూ, తలుపూ, ఇంద్రధనుస్సులోంచి జారి, కింద చాకిరేవులో, ఉతికి ఆరేసిన చీరల మధ్య వచ్చి పడ్డారు.

రేవులో ఉన్నవాళ్ళు గుర్తుపట్టకుండా పక్కకు తొలిగారు.

ఎండ వాలుతుండగా అతను తలుపును వీపున మోసుకుని కుమ్మరవీధికి చేరాడు. చెక్క ఒరుసుకుని భుజం తోలు లేచిపోయింది. మల్లసాని దానిపై పసుపు అద్ది, విస్తరేసి, అడుగంటిన పప్పూ అన్నమూ పెట్టింది. అంత ఆకలితో అతను ఎన్నడూ తిని ఉండడు. మూడోసారి అడిగి వేయించుకున్నాడు. తర్వాత ఇద్దరూ కలిసి తలుపును ద్వారబంధంలో నిలబెట్టారు. మూస్తే మూసుకుంది.

"ఇదేం చేస్తుంది?" అని అడిగాడతను.

"అవతలివాడిని అవతల ఉంచుతుంది. ఇక నీ పని అయింది, వెళ్ళు. నీకు సాయంత్రం వేరే పని ఉన్నట్టుంది."

అతను ఏదో అనబోయాడు. చెప్పకూడదని గుర్తొచ్చి, తలొంచుకుని వెళ్ళిపోయాడు. మల్లసాని లోపలికి నడిచి గడియ పెట్టింది. గడియ పడ్డ చప్పుడు విన్నాక కొద్దిసేపటిదాకా ఆమెకు ఏ పనీ తోచలేదు.

కాహళలు ఊదారు. భేరీలు మోగాయి. రత్నాల కుచ్చులూ నెమలి పింఛాలూ ఊగుతుండగా, పసిడి పల్లకి కుమ్మరవీధిలోకి తిరిగింది. వెనక ఎద్దుబండి మీద కోనప్పను నిలబెట్టి తెచ్చారు. ఇప్పుడు రొమ్ముదాకా రాయి. తోటలో పెట్టేముందు ఊరికి చూపించడం ఆనవాయితీ. మల్లసాని తలుపు సందులోంచి అతన్ని చూసింది, నడుం దగ్గర చీర బిగించుకుంది.

పల్లకి మోసే బోయీలు మూసిన తలుపు ముందు ఆగిపోయారు.

"ఎందుకాగారు?" అన్నాడు కంకాళభట్టు.

"తలుపండీ," అన్నాడు ముందున్న బోయీ.

"ఏ తలుపు? నాకేం కనపడటం లేదే. మీకు కనపడుతోందా?" మాంత్రికుడు కవుల వైపు తిరిగాడు. కవులు తలుపు మీద కళ్ళు పెట్టి, ఆరుబయలు ఎంత అందంగా ఉందోనని మెచ్చుకున్నారు. "విన్నారుగా. తలుపు కనపడటం రాజద్రోహం. నడవండి."

"నడుద్దుంగానీ అయ్యా," అన్నాడు బోయీ, "మా ఇల్లు ఈ పక్కదే. అక్కడా ఏదో అడ్డం ఉన్నట్టుంది. కనపడటం లేదనుకోండి."

అతని పెళ్ళాం నులకమంచం నిలబెట్టి ద్వారానికి అడ్డం పెడుతోంది. నాగమ్మవ్వ తన గడపలో చాప దించి, దానికి చేట ఆనించి, రోకలి ఊతం పెట్టింది. "ఇది కూడా కనపడదు బాబూ, మీరు కానివ్వండి," అంది లోపల్నించి. ఆ తర్వాత ఎవరూ ఎవరికీ చెప్పలేదు. దుప్పట్లు, గాదె మూతలు, కుమ్మరి సారెలు, పెళ్ళిపీటలు. వీధి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా మూసుకుపోయింది. బోయీలు పల్లకిని నేల మీద దించి, కండువాలు దులుపుకుని, దూరంగా జరిగారు.

పల్లకి తెర కదిలింది. కంకాళభట్టు ముందుకు దూకాడు. "దిగకండి యువరాజా. లేని తలుపు కోసం దిగినవాళ్ళు మీ వంశంలో లేరు."

"లేనిదాన్నే కొండ మీంచి మోసుకొచ్చానా?" తెర వెనక గొంతులో ఒళ్ళునొప్పులు వినపడ్డాయి. "నా భుజం చూడు."

బంగారు పాదుక లోపలే ఉండిపోయింది. ఒట్టి కాలు నేల తాకింది.

బండి మీద కోనప్ప రొమ్ము కదిలింది. రాయి గరగరమంటూ నడుం దాకా దిగి, అక్కడ ఆగింది. అతను చేతులు ఆడించి చూసుకుని, చంక గోక్కున్నాడు. మల్లసాని తలుపు సందుకు మరింత దగ్గరగా వంగింది.

కిరీటం లేని తలతో బాలప్రచండుడు తలుపు ముందుకు వచ్చాడు. తట్టడం అతనికి తెలియదు. ముందు అరచేత్తో చెక్కను నిమిరాడు.

"వేళ్ళు మడిచి కొట్టు నాయనా," అంది నాగమ్మవ్వ చాప వెనక నుంచి.

తట్టాడు.

"ఎవరది?" అంది మల్లసాని.

బయట గుటక మింగిన చప్పుడు లోపలికి వినపడింది.

"నేను."

"నేనంటే?"

"కాబోయే రాజుని."

"అది మేం చెప్పాల్సిన మాట కదయ్యా. నువ్వు ఇంకేదైనా చెప్పు."

ఎక్కడో మంచం వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు చాపల వెనకా దుప్పట్ల వెనకా పాకి, బండి మీద కోనప్ప దాకా వచ్చింది. కంకాళభట్టు మొహం నల్లబడింది. దండం పైకెత్తాడు. పాము నోట్లోంచి నిప్పు ఎగిరి మల్లసాని ఇంటికప్పు మీద పడింది. తాటాకు భగ్గుమంది.

"సమాధానం అక్కర్లేదు యువరాజా," అన్నాడు మాంత్రికుడు తీయగా. "ఇల్లు కాలితే తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. మీరు వచ్చి పల్లకిలో కూర్చోండి."

తలుపు మీద ఈసారి పిడికిళ్ళు పడ్డాయి. "అమ్మా, కప్పు అంటుకుంది. గడియ తియ్యి. నేను పట్టుకుంటాను, బయటికి రా."

"తీస్తే ఒప్పుకున్నట్టే అవుతుంది నాయనా. అక్కడ మా ఆయన నడుందాకా రాయై ఉన్నాడు. ముందు నువ్వెవరో చెప్పు."

పొగ గదంతా కమ్ముకుంది. మల్లసాని కుండలో నీళ్ళు నెత్తిన గుమ్మరించుకుని, రుబ్బురోలును తలుపుకు అడ్డంగా దొర్లించి, దాని మీద కూర్చుంది. వీధిలో మంచాలు పక్కకు పడుతున్న చప్పుడు, బిందెలతో పరుగెడుతున్న కాళ్ళ చప్పుడు, భటుల అరుపులు. అన్నిటి మధ్యా తలుపుకు అవతలివైపు, సరిగ్గా ఆమె వీపు ఆనిన చోట, ఆ కుర్రవాడి ఊపిరి ఎగసిపడుతోంది. అతను ఇంకా అక్కడే ఉన్నాడు.

నడినెత్తిన దూలం ఫెళ్ళుమంది. మల్లసాని గడియ మీద చెయ్యి వెయ్యకుండా, చెక్కకు చెవి ఆనించి, జవాబు కోసం ఎదురుచూసింది.